పసుపు ఎంత పసుపు?

మామిడికాయ పండిందో లేదో చెట్టు కింద నిలబడి చెప్పొచ్చు. వరి వెన్ను బంగారు రంగు తిరిగి వంగితే, కోతకొచ్చిందని దారిన పోయేవాళ్ళకి కూడా తెలుస్తుంది. పసుపు అట్ల కాదు. నాటిన రోజు మొదలు తవ్వే రోజు దాకా దుంప మట్టిలోనే ఉంటుంది. పైన కనపడేది ఆకు ఒక్కటే. లోపల జరిగేదాన్ని ఆకు చూసి, మట్టి చూసి, నెలలు లెక్కపెట్టి ఊహించుకోవాలి. ఊహ తప్పితే మళ్ళీ పూడ్చిపెట్టేదానికి లేదు. తవ్వింది తవ్విందే.

మన ఇంట్లో ఈ లెక్క అవ్వ చేతిలో ఉండేది. తాత దున్నేవాడు, నీళ్ళు కట్టేవాడు, మండీకి పోయి బేరమాడేవాడు. కానీ "తవ్వండి" అనే మాట మాత్రం అవ్వ నోటినుంచే రావాల. ఆ మాట దేన్ని చూసి అనేదో, దేన్ని చూసి వద్దనేదో మేము అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం ఒకచోట కూర్చుని గుర్తు తెచ్చుకున్నంత వరకూ ఇక్కడ రాస్తున్నాం. బళ్ళారిలో, షోలాపూర్‌లో, బరంపురంలో ఉండే మన తెలుగు ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి అవ్వలు ఉండే ఉంటారు. పంట వేరై ఉంటుంది, అంతే.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా పొలం ఈరోడు పక్కన, కాళింగరాయన్ కాలువ కింద. భవానీ నది కావేరిలో కలిసే చోటు దగ్గర ఆనకట్ట కట్టి, నొయ్యల్ నది దాకా తీసుకుపోయిన పాత కాలువ ఇది. దీని కింద వరి, చెరుకు, అరటి, పసుపు. మన వాళ్ళు ఈ కొంగునాడుకి ఎప్పుడు వచ్చారో కాగితం మీద ఎక్కడా లేదు, విజయనగరం రోజుల్లో అని పెద్దలు చెప్పేవారు. వచ్చిన తరువాత ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పసుపు ఇంట్లో ఉన్నంతసేపు పసుపు, బండెక్కితే మంజల్. మనం కొమ్ము అనేది మండీలో విరలి, తల్లి దుంప అక్కడ కిళంగు. 'ఈరోడు మంజల్' అని 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అవ్వకి చెపితే, "ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలీదా ఏమి?" అని ఒక్క మాట అని ఊరుకుంది.

సరే, అసలు సంగతికి వద్దాం.

మొదటిది నెలల లెక్క. కాలువకి నీళ్ళు వదిలినాక వైకాసిలోనో ఆనిలోనో నాటుతాం. మన పాత ఈరోడు రకానికి తొమ్మిది నెలలు పడుతుంది. 'ప్రతిభ' లాంటి కొత్త రకాలు ఏడున్నర నెలలకే వస్తాయి. అవ్వ ఇంగ్లీషు తేదీ ఎప్పుడూ పట్టించుకోలేదు. నాటిన రోజున ఏ తిథో గుర్తుపెట్టుకుని, తొమ్మిది అమావాస్యలు వేళ్ళ మీద లెక్కపెట్టేది. కానీ ఆ లెక్క పొలం వైపు చూడటం మొదలుపెట్టేదానికే. ఎనిమిదో అమావాస్య దాటితే రోజూ సాయంత్రం గట్టు మీద ఒక నడక. అంతకుముందు ఎవరైనా పసుపు సంగతి ఎత్తితే "దాని మానాన దాన్ని ఉండనియ్యండి" అనేది.

రెండోది ఆకు. ముందుగా అడుగు ఆకుల కొనలు, అంచులు పసుపు తిరుగుతాయి. తరువాత ఆకంతా. ఆ తరువాత ఎండి గోధుమ రంగుకి వస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. అవ్వకి ఆకు పండటం వేరు, ఆకు పడటం వేరు. మనం కాండం అనుకునేది నిజానికి ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడిమలే కదా, ఆ చుట్ట లోపల సత్తువ పోయి మొక్క తనంతట తానే పక్కకి ఒరగాలి. మడిలో నాలుగు మొక్కలు ఒరిగితే సరిపోదు. నిలబడినవాటిని వెతుక్కోవాల్సి రావాలి. అప్పుడు నీళ్ళు ఆపించేది. ఆకు నేలమట్టానికి కోయించి, వారం పది రోజులు మడిని అట్లే వదిలేసి, మట్టి గట్టిపడితే ఒక్క పలచటి తడి ఇచ్చి తవ్వకం. కోసిన ఆకుని పారెయ్యనిచ్చేది కాదు. ఉడకబెట్టేటప్పుడు కొప్పెర మీద కప్పేదానికీ, విత్తనం కుప్ప మీద పరిచేదానికీ అదే కావాలి.

ఆకు అబద్ధం చెప్పే సందర్భాలు ఉన్నాయి. ఐప్పసి, కార్తీక నెలల్లో మనకి ఈశాన్యం వానలు పడతాయి. మడిలో నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళు వస్తుంది. అప్పుడు కూడా ఆకు అంచులు పసుపు తిరిగి ఎండుతాయి, మొక్క కూడా ఒరుగుతుంది. దూరంనుంచి చూస్తే పండినట్లే. తేడా మొదట్లో ఉంటుంది. కుళ్ళు పట్టిన మొక్క మొదలు నీళ్ళు తాగినట్లు మెత్తబడి, పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది, వాసన కొడుతుంది. పండిన మొక్క మొదలు పొడిగా, నారగా ఉంటుంది, లాగితే తెగుతుందే కానీ ఊడదు. ఇంకొకటి, ఇనుము తక్కువైన నేలలో లేత ఆకు పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా నిలబడతాయి. పండటం ఎప్పుడూ ముసలి ఆకునుంచి మొదలై పైకి పోతుంది. లేత ఆకు ముందు పాలిపోయిందంటే అది జబ్బే, పంట కాదు. ఈ రెండూ అవ్వ మాకు చిన్నప్పుడే నేర్పింది. వేసవి సెలవుల్లో నేర్పలేదు, ఎందుకంటే అప్పటికి మడి ఖాళీ. అర్ధసంవత్సరం పరీక్షల సెలవుల్లో, చలిలో, తెల్లారి లేపి తీసుకుపోయి నేర్పింది. అప్పట్లో మాకు దాని మీద కోపమే.

మూడోది దుంప. ఎంత ఆకు చూసినా కడపట ఒక మొక్కని బయటికి తియ్యక తప్పదు. అవ్వ మడి మధ్యనుంచి తీయించేది. గట్టు పక్కన మొక్క ఎండకి ముందే పండుతుంది, దాని మాట నమ్మకూడదు. మట్టి దులిపి బొటనవేలితో కొమ్ము మీద గట్టిగా రుద్దేది. తోలు జారి చేతికొస్తే లేత. పొలుసు పొలుసుగా గట్టిగా అంటుకుని ఉంటే ముదురు. తరువాత విరిచేది. లేత కొమ్ము నీళ్ళగా పుటుక్కుమంటుంది. ముదిరింది కొంచెం మొరాయించి విరుగుతుంది. విరిచిన చోట రంగు చూసేది. ఈ రంగు సంగతి తరువాత చెపుతాం, అసలు ఈ కథ అంతా దానికోసమే.

తొందరపడితే ఏమవుతుంది అంటే, పచ్చి పసుపు నూరు కిలోలు ఉడికించి ఎండబెడితే ఇంచుమించు ఇరవై కిలోలు మిగులుతుంది. లేతది అంత కూడా మిగలదు. ఎండేకొద్దీ ముడతలు పడి, సన్నబడి, లోపల పాలిపోయి ఉంటుంది. మండీలో వ్యాపారి ముందు చేసే పని ఒక కొమ్ము తీసి విరిచి చూడటం. అక్కడ దాపరికం లేదు. లేత సరుకుకి పై రంగు పూసి అమ్మే పాపిష్టి పనులు మొదలయ్యేది కూడా ఇక్కడే. ఆలస్యమైతే ఇంకొక తంటా. ఎండాకాలం వాన ఒకటి పడిందంటే నేలలో ఉన్న దుంప మొలకెత్తేదానికి చూస్తుంది. కూడబెట్టుకున్న సత్తువ మొలకకి పోతుంది. అందుకని అవ్వకి ఉగాది ఒక గీత. ఉగాది పచ్చడి చేసేటప్పటికి పసుపు ఇంటి ముంగిట ఎండుతూ ఉండాలి.

ఇంతవరకు రాసింది ఎండు పసుపు సంగతి. కానీ 'పండింది' అనే మాటకి అవ్వ దగ్గర ఒక అర్థం కాదు, నాలుగైదు అర్థాలు ఉండేవి. దేనికి పండింది అని అడిగేది.

ఆకు కోసమైతే కార్తీకానికే సిద్ధం. మనకి ఆ అలవాటు లేదు కానీ, ఒడిశాలో ఉండే మన వాళ్ళకి తెలిసే ఉంటుంది. మార్గశిరంలో ప్రథమాష్టమికి అక్కడ పసుపాకులో చుట్టి ఎండూరి పిఠా ఆవిరి మీద ఉడికిస్తారు. ముదిరి ఎండిన ఆకు దానికి పనికిరాదు, మంచి పచ్చి ఆకే కావాలి. పొంగలికైతే మొక్కని ఆకుతో, దుంపతో, మట్టితో సహా పీకి, కడిగి, కొత్త కుండ మెడకి కడతాం. దానికి దుంప ముదిరిందా అని ఎవరూ అడగరు. ఆకు పచ్చగా ఉండి, కొమ్ములు నాలుగు కనపడితే చాలు. ఆ కట్టలు గట్టు పక్క వరసనుంచే పీకాలని అవ్వ ఆన. ఒంటికి రాసుకునేదానికి, నలుగుకి, పచ్చి దుంప ఏడో నెలనుంచే పనికొస్తుంది. కూరలోకి, డబ్బాలోకి, మండీకి అయితే పూర్తిగా ముదరాలి. విత్తనానికైతే ఇంకా నాలుగు రోజులు ఎక్కువే ఉన్నా పరవాలేదు, దెబ్బతగలనిది, జబ్బులేని మడిది, గట్టిగా ఉన్నది ఏరి నీడలో ఆకు కప్పి దాచేది. ఒకటే మొక్క, ఒకటే మడి. ఎవరు అడుగుతున్నారు, దేనికి అడుగుతున్నారు అనేదాన్ని బట్టి ఒకరికి పండినది ఇంకొకరికి పచ్చిది.

మా పెద్దక్క పెళ్ళి ఏడు ఈ సంగతి మీదే ఇల్లంతా రెండుగా చీలింది.

ఆ ఏడు కాలువకి నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. ఆని చివర్లో నాటాం. లెక్క ప్రకారం పంగుని చివరికి గానీ తవ్వకం రాదు. అక్క పెళ్ళి మాసి మొదటి వారంలో కుదిరింది. అంతకుముందు ఆడి నెలలో తాత పోయాడు. ఏడాది లోపల ఇంట్లో శుభకార్యం జరగాలని పెద్దలందరూ పట్టుబట్టారు, అందుకే ఆ తొందర. పెళ్ళి పసుపు మన మడిదే కావాలని అందరికీ ఆశ. పసుపు దంచేదానికి, తలంబ్రాలకి, తాళి దారానికి, బంధువులకి పంచేదానికి. కొనుక్కొచ్చిన పసుపుతో ఈ ఇంట్లో ఇంతవరకు పెళ్ళి కాలేదని అత్తలు అన్నారు.

పొంగలి మరునాడే తవ్వేద్దామని చిన్నాన్న అన్నాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. తవ్వినాక రెండు మూడు రోజుల్లోపల ఉడికించాలి, ఎండేదానికి పది పదిహేను రోజులు, ఆ తరువాత డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టించాలి. పెళ్ళికి అందాలంటే తై మొదటి వారం దాటకూడదు. ఆవిరి బాయిలరు వాడు ఆ వారం ఖాళీగా ఉన్నాడు, కూలీలు ఖాళీగా ఉన్నారు, ధర కూడా బాగా ఉంది. తాత ఆసుపత్రి ఖర్చుకి తెచ్చిన అప్పు ఒకటి మెడ మీద ఉంది. ఇన్ని సంగతులు ఒక వైపు, ఆరున్నర నెలల పసుపు ఒక వైపు.

అవ్వ ఒప్పుకోలేదు. "పెళ్ళికి ముహూర్తం పెట్టేటప్పుడు మడిని అడిగినారా?" అంది. "ఇప్పుడు తవ్వితే పిల్లకి ఇచ్చేది పసుపు కాదురా అబ్బయా, పసుపు నీళ్ళు."

"నీకు కనపడదు కదమ్మా, ఆకు పండతా ఉండాది" అన్నాడు చిన్నాన్న.

అది అనకూడని మాట. అవ్వకి అప్పటికి రెండేళ్ళుగా నీటికాసుల జబ్బు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియదు. గట్టు మీద నడక మాత్రం మానలేదు, మాలో ఎవరో ఒకరి భుజం పట్టుకుని వెళ్ళేది. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనేవాళ్ళం కాదు. అవ్వ కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు కనపడదు. పిల్లోళ్ళకి కనపడతాది గదా. ఒక మొక్క పీక్కోని రాండి" అంది.

మడి మధ్యనుంచి ఒక మొక్క పీక్కొచ్చాం. తోలు రుద్దటం అవ్వే చేసింది, జారింది. విరవటం అవ్వే చేసింది. వాసన చూసింది. రంగు దగ్గర ఆగిపోయింది. విరిచిన ముక్క మా వైపు చాచి, "ఎట్ల ఉండాది?" అంది.

"పసుపుగా ఉంది అవ్వా" అన్నాం.

"పసుపు పసుపుగా కాక ఇంకెట్ల ఉంటాదే? ఎంత పసుపు?"

అక్కడ మాకు మాట అందలేదు. మేమందరం తమిళం బడిలో చదివినవాళ్ళం. మంజల్ అంటే పసుపు, పసుపు అంటే మంజల్, రెండు భాషల్లోనూ వస్తువుకీ రంగుకీ ఒకే మాట. లైట్ ఎల్లో, డార్క్ ఎల్లో అని మాలో ఒకరు అన్నారు. అవ్వకి అది ఏమీ చెప్పలేదు. అప్పుడు ఆమె అడిగింది: "నిమ్మతొక్క మాదిరి ఉండాదా, శనగపిండి మాదిరా? ఫారం కోడిగుడ్డు సొనా, నాటుకోడి సొనా? గుమ్మడి పండు కోస్తే లోపల ఉంటాదే, దాంట్లోకి దిగినాదా?"

అవి రంగుల పేర్లు కావు, మెట్లు. నిమ్మతొక్క దగ్గర మొదలై ఒక్కొక్క మెట్టు దిగుతూ గుమ్మడి దాకా పోవాలి. వంటింట్లో రోజూ కనపడేవే అన్నీ. గుడ్లు తేడా తెలియని పిల్లలు మన ఇంట్లో లేరు. నలుగురం ఆ ముక్కని వెలుతురులోకి పట్టుకుని చూశాం. శనగపిండి దాటింది. ఫారం కోడి సొన దగ్గర ఉంది. నడిమధ్యన చిన్న చుక్క మాత్రం కొంచెం ముదురు. కొన వైపు ఇంకా నిమ్మే. ఉన్నది ఉన్నట్లే చెప్పాం. చిన్నాన్న కూడా ముక్క తీసుకుని చూశాడు, ఏమీ అనలేదు.

"కొన నిమ్మగా ఉన్నంత వరకు తవ్వేదానికి లేదు" అంది అవ్వ. "నడుమ పండితే పండినట్లు కాదు, కొన కూడా నాటుకోడి సొనకి రావాల."

పెళ్ళికి ఏం చేశామంటే, గట్టు పక్క ఒక్క వరస మాత్రం తవ్వాం. ఆ పచ్చి దుంప నలుగుకి, మంగళస్నానానికి, తాళి దారానికి రంగు పట్టించేదానికి సరిపోయింది. ఆ పనులకి అది పండినదే. దంచేదానికి, తలంబ్రాలకి ఎండు కొమ్ములు కావాలి కదా, వాటికి అటక మీద తాత బస్తాలు దింపించింది. పసుపు రైతు ఇళ్ళల్లో ఇది మామూలే, ధర రాని ఏడు పంటని బస్తాల్లో కట్టి ఒక ఏడు, రెండేళ్ళు దాస్తారు. తాత కడసారిగా మెరుగు పెట్టించి, మూతి కుట్టి పెట్టినవి రెండు బస్తాలు ఉన్నాయి. అప్పు తీర్చేదానికి చిన్నాన్న వాటి మీద కూడా లెక్క వేసుకుని ఉన్నాడు. అవ్వ ఒకటి ఆయనకి వదిలి, ఒకటి విప్పించింది.

కొన్ని కొమ్ములకి పురుగు తొలిచిన సన్న బొక్కలు ఉన్నాయి. కళ్ళు లేని మనిషి వాటిని ఎట్ల ఏరుతుందని మేము ఏరబోతే వద్దంది. రోలు పక్కన బండ మీద ఒక్కొక్కటి పడేస్తూ విన్నది. బాగా ముదిరి, బాగా ఎండిన కొమ్ము కణకణమంటుంది, లోహం చప్పుడు. పురుగు తిన్నది పుల్ల పడినట్లు మొద్దుగా పడుతుంది. మధ్యాహ్నం అంతా ఆ చప్పుడే ఇంట్లో. ఏరిన కొమ్ములు ముత్తైదువలు రోట్లో వేసి దంచారు. లోపలి రంగు ఎట్ల ఉందని అవ్వ ఈసారి అడగలేదు. అడగకుండానే మా చిన్న చెల్లెలు, "గుమ్మడి, అవ్వా" అని చెప్పింది.

మడి తవ్వకం పంగుని చివరి వారంలో జరిగింది. ఆ రెండు నెలల్లో వారానికొకసారి ఒక మొక్క పీకి, విరిచి, మా నలుగురి నోట అవ్వ రంగు చెప్పించుకునేది. ఒకరు చెప్పినాక ఇంకొకరిని పిలిచి మళ్ళీ అడిగేది, మాటలు కలిశాయా అని చూసేది. మొదట్లో కలవలేదు. ఒకరికి సొన అయినది ఇంకొకరికి శనగపిండి. పోను పోను కలిశాయి. తవ్విన రోజు కొమ్ము విరిచి కొన చూపించి, "నాటుకోడి" అని నలుగురం ఒకేసారి అన్నాం. అవ్వ వెంటనే చిన్నాన్నని పిలవమంది.

ఉడకబెట్టటంలో కూడా ఇట్లాంటి లెక్కే ఉంటుంది. ముప్పావుగంట నుంచి గంట, నురగ పైకి పొంగి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన మారితే సరి. పుల్ల పెట్టి గుచ్చితే మెత్తగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే ఎండినాక పెళుసుగా విరుగుతుంది. ఆ రోజుకి మా ఇంటికి కూడా ఆవిరి బాయిలరు వచ్చేసింది కనుక కొప్పెర, ఆకుల కప్పు లేవు. అవ్వ వాసన చూసేదానికి కుర్చీ వేయించుకుని బాయిలరు పక్కనే కూర్చుంది. బాయిలరు వాడు కాస్త విసుక్కున్నాడు, కానీ రెండు విడతలు ఆమె చెప్పినప్పుడే ఆపాడు.

సరుకు బాగా వచ్చింది. ధర మాత్రం తైలో ఉన్నంత లేదు, దిగింది. లేత సరుకు ఎక్కువ ధరకి అమ్మి ఉంటే మేలా, ముదురు సరుకు తక్కువ ధరకి అమ్మటం మేలా అని చిన్నాన్న చాలా రోజులు కాగితం మీద లెక్కలు వేశాడు. తూకం తగ్గేది ఇంత, ధర తగ్గింది ఇంత అని. ఆయన లెక్క ప్రకారం కొంచెం నష్టమే. అవ్వ లెక్క ప్రకారం విత్తనం నిలిచింది, దాన్ని ఆయన కాగితంలో వేసుకోలేదు. ఈ వాదన తేలలేదు. ఇప్పటికీ పండక్కి కూడినప్పుడు ఎవరో ఒకరు కదిలిస్తారు, మళ్ళీ మొదలవుతుంది.

అవ్వ పోయి రెండేళ్ళు. మడి కౌలుకి ఇచ్చాం. కౌలుదారు మంచివాడు, కష్టజీవి, కానీ అతని తవ్వకం బాయిలరు వాడి తేదీని బట్టి జరుగుతుంది. తప్పు అనలేం, కూలీలు దొరికే రోజులు కావు ఇవి. మేము కూడా ఒకరు బెంగళూరు, ఒకరు కోయంబత్తూరు, ఒకరు హోసూరు. అవ్వ దాచిన విత్తనంలో తలా నాలుగు దుంపలు పంచుకున్నాం. బెంగళూరులో మేడ మీద సంచుల్లో, హోసూరులో పెరట్లో. సంచిలో పసుపు మడిలో పసుపంత సూటిగా మాట్లాడదు, నీళ్ళు మనం పోస్తే తప్ప లేవు కనుక ముందే పండినట్లు నటిస్తుంది. ఆకు ఎండితే దాహమా, పంటా అని తేల్చుకోవాలంటే రెండు రోజులు సరిగ్గా నీళ్ళు పోసి చూడాలి. లేత ఆకు తేరుకుంటే దాహమే. అప్పటికీ ఒరిగి ఉంటే, సంచి పక్కకి వేలు దించి ఒక కొమ్ము మాత్రం విరుచుకుంటే చాలు, మొక్క అంతా పీకే పని లేదు.

పోయిన మాసిలో పెద్దక్క కూతురు, ఆ పెళ్ళి తరువాత పుట్టినదే, వీడియో కాల్‌లో సంచి పక్కన కూర్చుని కొమ్ము విరిచి చూపించింది. ఫోన్‌లో రంగు నమ్మేదానికి లేదు, అన్నీ ఒకే మాదిరి కనపడతాయి. అందుకని నోటితో చెప్పమన్నాం. పాప ఇంట్లో ఫారం గుడ్లే వాడతారు, నాటుకోడి సొన ఎప్పుడూ చూడలేదు. కాసేపు ఆలోచించి, "మధ్యలో గుమ్మడి. చివర్లో లెమన్ రైస్" అంది.

ఇంకా మూడు వారాలు ఆగమన్నాం.